జేబులో ఇమిడిన శబ్దలేఖిని

గిడుగు రామమూర్తి పంతులు సవర పల్లెలకు నడచిపోయినపుడు ఆయన వెంట కాగితము, కలము తప్ప వేరు సాధనము లేదు. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు పలుకు మాటలను, పాడు పాటలను, చెప్పు కథలను ఆయన చెవితో పట్టి, ధ్వనిభేదములు చెడకుండ లిపిలో దింపినారు. మన్యపు జ్వరమునకు మింగిన క్వినైను ఆయన వినికిడిని క్రమముగా హరించినది. 1931లో మద్రాసు ప్రభుత్వపు ముద్రణాలయమునుండి సవర భాషా గ్రంథము వెలువడునాటికి, ఆ గ్రంథమునకు ఆధారమైన శబ్దములను మరల వినగల చెవి గ్రంథకర్తకు మిగిలియుండలేదు. ఆయన విన్నది ఆయన వ్రాసినంతవరకే నిలిచినది. వ్రాతకు లొంగనిది, అనగా గొంతుకలోని ఒదుగు, ఊపిరి, రాగము, ఆయనతోనే పోయినది.

వినిన దానిని చెవిపై ఆధారపడక నిలుపవలెనను కోరిక అప్పటికే ఫలించియుండెను. 1877లో ఎడిసన్ తగరపు రేకుపై గీత గీసి తన మాటను తానే మరల విన్నాడు. 1890లో జెస్సీ ఫ్యూక్స్ అను పండితుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రమునకు మైనపు గొట్టముల యంత్రమును మోసికొనిపోయి, పస్సమక్వాడీ తెగవారి పాటలను, కథలను ఎక్కించినాడు. యంత్రము జనుల నడుమకు పోయి భాషను పట్టుకొనుట అదియే మొదలు. మన దేశమున జార్జి గ్రియర్సన్ నడపిన భాషాసర్వేక్షణమునకు అనుబంధముగా 1913 మొదలు 1929 వరకు గ్రామఫోను పలకలు తయారైనవి. అందు తెలుగునకును చోటు లభించినది. తప్పిపోయిన కుమారుని కథను ప్రతి భాషలోను చెప్పించుట ఆ సర్వేక్షణపు నియమము. నేడు ఆ పలకలను వినువారికి కథపై ఆసక్తి యుండదు. వంద సంవత్సరముల నాటి తెలుగువాడు ఏ పదముపై నొక్కి పలికినాడు, ఎక్కడ ఊపిరి పీల్చినాడు అనునదే ప్రధానము. అయితే పలకను కోయు యంత్రము బరువైనది, ఖరీదైనది. అది రచయిత చేతిలోనిది కాదు, ప్రభుత్వము చేతిలోనిది.

రచయిత చేతికి వచ్చినది అయస్కాంత మార్గము. 1898లో డెన్మార్కు దేశీయుడు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కుతీగపై శబ్దమును అయస్కాంత రూపమున నిలిపినాడు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ యోజెఫ్ ఆ యంత్రమున పలికిన కొద్ది మాటలు నేటికిని వినవచ్చును. తీగకు బదులు కాగితముపై ఇనుపపొడి అద్దవచ్చునని 1928లో కనుగొన్న ఫ్రిట్జ్ ప్ఫ్లోయిమర్ అంతకుముందు సిగరెట్టు కాగితములకు బంగారు రంగు అంచు దిద్దు పనివాడు. పొగత్రాగువారి పెదవులకు రంగంటకుండ చూచుకొనిన విద్యయే శబ్దశాస్త్రమునకు పనికివచ్చినది. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏ.ఇ.జి. సంస్థవారు మాగ్నెటోఫోన్ అను టేపు యంత్రమును ప్రజలకు చూపినారు; మరుసటి సంవత్సరమే థామస్ బీచమ్ నడపిన లండన్ వాద్యబృందపు కచేరి లుడ్విగ్‌స్హాఫెన్‌లో టేపుకెక్కినది. 1951లో కుడెల్‌స్కీ అను యువకుడు స్విట్జర్లాండులో నాగ్రా యంత్రమును నిర్మించి టేపును భుజమునకు తగిలించుకొనిపోవునట్లు చేసినాడు. 1963లో ఫిలిప్స్ సంస్థవారు, లూ ఓట్టెన్స్ నాయకత్వమున, చుట్టలను ప్లాస్టిక్కు పెట్టెలో బిగించి క్యాసెట్టును సృష్టించినారు. టేపును యంత్రమునకు ఎక్కించుటకు నేర్పరి వ్రేళ్ళు అక్కరలేకపోయినది.

ఆ క్యాసెట్టునుకూడ పెద్దదిగా భావించినవారు ఆఫీసు దొరలు. ఉత్తరము నోట చెప్పి గుమాస్తాచే టైపు చేయించువారికి జేబులో పట్టు యంత్రము కావలసియుండెను. 1967లో ఫిలిప్స్ వారే మినీ క్యాసెట్టును తెచ్చిరి. దానిలో టేపును లాగునది చుట్టయే కాని ప్రత్యేకపు ఇరుసు కాదు. చుట్ట లావెక్కినకొలది వేగము మారుచుండును. తాను ఎక్కించిన యంత్రముననే వినినంతకాలము అది పెద్ద చిక్కు కాదు. 1969లో జపానుకు చెందిన ఒలింపస్ సంస్థవారు వేరు దారి పట్టిరి. వారి మైక్రో క్యాసెట్టు పెద్ద క్యాసెట్టులో ఇంచుమించు నాలుగవవంతు మాత్రమే. అయినను టేపు వెడల్పు దానితో సమానముగా 3.81 మిల్లీమీటర్లే. సన్నని ఉక్కు ఇరుసు, దానికి ఒత్తుకొను రబ్బరు చక్రము, ఈ రెండు టేపును సమవేగమున నడుపును. వేగము సెకనుకు 2.4 సెంటీమీటర్లు. పెద్ద క్యాసెట్టు వేగము 4.76, రేడియో నిలయములలోని పెద్ద చుట్టలది 38.

ఈ అంకెలలోనే ఆ యంత్రపు సుగుణము, లోపము రెండును ఉన్నవి. 60 నిమిషముల మైక్రో క్యాసెట్టులో ఒక ప్రక్క అరగంట నడచుటకు 43 మీటర్ల టేపు చాలును. పెద్ద క్యాసెట్టునకైనచో 86 మీటర్లు కావలెను. వేగమును సగమునకు, అనగా 1.2 సెంటీమీటర్లకు, తగ్గించు మీట కూడ ఆ యంత్రములలో ఉండెను. దానిని జరిపినచో ఒక ప్రక్క గంటసేపు సాగును. పొదుపరులు ఆ మీటను వదలిరి కారు.

శబ్దము టేపుపై అలలుగా పరచుకొనును. సెకనుకు 6,000 కంపనములు గల శబ్దము 38 సెంటీమీటర్ల వేగమున నడచు టేపుపై ఒక్కొక్క అలకు ఇంచుమించు తలవెంట్రుక మందమంత చోటు ఆక్రమించును. అదే శబ్దమునకు మైక్రో క్యాసెట్టుపై దొరకునది ఆ మందములో 16వ వంతు. సగము వేగమున 32వ వంతు. అంత సన్నని గీతను చదువుటకు హెడ్డు టేపును పూర్తిగా అంటియుండవలెను. వాటి నడుమ పొగమరక అంత మాలిన్యము చేరినను ముందుగా మాయమగునవి ఆ సన్నని అలలే. కావుననే హెడ్డును శుభ్రపరచుట పెద్ద యంత్రములకంటె ఈ చిన్నదానికి మరింత ప్రాణావసరమైనది.

ఆఫీసు ఉత్తరమునకు ఇది కొరత కాదు. టెలిఫోను తీగ సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల వరకే మోసికొనివచ్చుచు లోకమంతటి వ్యవహారమును నడపినది. న్యాయవాది, వైద్యుడు, విలేఖరి ఈ యంత్రముతో తృప్తిపడిరి. చిక్కు వచ్చినది భాషను భాషకొరకై వినువారికి. సకారములోని రాపిడి అధికభాగము 4,000 కంపనములకు పైననే ఉండును. మహాప్రాణములలోని ఊపిరి బలహీనమైనది. చ, జ లకు గల తాలవ్య దంత్య భేదము, చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున నియమబద్ధము చేసినది, ఆ రాపిడి ధ్వని స్వభావముపైననే ఆధారపడినది. తెలుగు ఊళ్ళ నడుమ పలుకుబడి ఎక్కడ మారుచున్నదో తెలిసికొనగోరువానికి ఆ భేదము గీటురాయి వంటిది. సగము వేగమున ఎక్కించిన టేపులో వక్త ౘాప అన్నాడో చాప అన్నాడో నిశ్చయించుట కష్టము. విన్నవాడు తన ఊరి ఉచ్చారణనే వక్త నోటిలో పెట్టును. అరగంట టేపు ఆదా చేసికొనినవారు కోల్పోయినది ఇది.

తెలుగునాట జానపద వాఙ్మయ సేకరణ ఈ యంత్రముకంటె ముందుది. నేదునూరి గంగాధరము, బిరుదురాజు రామరాజు మొదలగువారు పల్లె పాటలను ప్రధానముగా కలముతోనే సేకరించిరి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము సేద్యగాండ్ర మాటలకు, 1971 నాటి రెండవ సంపుటము చేనేతవారి మాటలకు నిఘంటుగౌరవము కలిగించినవి. టేపు యంత్రము చౌకయై సామాన్య పరిశోధకునకు అందినది ఆ తరువాతనే. మైక్రో క్యాసెట్టు యంత్రములు మొదట విదేశములనుండి తిరిగివచ్చు బంధువుల పెట్టెలలో వచ్చినవి. దాని పరిమాణమే దాని గొప్ప. పెద్ద యంత్రమును ముందు పెట్టినచో పాడువాడు సభలో ఉన్నట్లు బిగుసుకొనును. అరచేతిలోని పెట్టె సంగతి కొంతసేపటికి మరచును. ముసలమ్మ నడుమ మనవడిని కేకవేయును, వక్కలాకు నములును, పాట మరచి తిరిగి అందుకొనును. ఇవన్నియు టేపుకెక్కినవి.

అయితే పాట ఆఫీసు ఉత్తరము వలె అరగంటలో ముగియదు. 1933 మొదలు 1935 వరకు యుగోస్లావియా గాయకులను వెదకుచు తిరిగిన మిల్మన్ పారీకి ఈ ఇబ్బంది ముందుగనే ఎదురైనది. అల్యూమినియపు పలక కొద్ది నిమిషములలో నిండును. గాయకుని ఆపినచో కథ తెగును. ఆయన రెండు తిరుగుడు బల్లలు గల యంత్రమును ప్రత్యేకముగా చేయించి, ఒక పలక నిండగానే రెండవదానికి మారుచు, రాత్రులకొలది సాగు వీరగాథలను తెగకుండ పట్టినాడు. ఆ సామగ్రిపైననే ఆల్బర్ట్ లార్డ్ 1960లో గాథాగాయకుల రచనావిధానమును నిరూపించు గ్రంథమును వెలువరించినాడు. మన పల్నాటి వీరుల కథ అటువంటిదే. శ్రీనాథునిదను ద్విపదను అక్కిరాజు ఉమాకాంతము 1911లో అచ్చొత్తించినారు. నోటి కథ మాత్రము ఏటేట కారెంపూడిలోను, ఊరూరను సాగుచునే ఉండెను. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమును ఆధారము చేసికొని జీన్ రోగైర్ అను అమెరికను పండితుడు రచించిన గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డునుండి వచ్చినది. ఇట్టి కథను చిన్న క్యాసెట్టుతో పట్టబోవువాడు అరగంటకొకసారి మూత తెరచి ప్రక్క త్రిప్పవలెను. ఆ క్షణమున గాయకుడు ఆగినచో వేడి చల్లారును. ఆగనిచో నాలుగు చరణములు గాలిలో కలియును. ఒక యంత్రము చాలదని గ్రహించి రెండింటిని వెంట తీసికొనిపోవు సేకర్త పారీ కిటుకును తెలియకనే అనుసరించినవాడు.

యంత్రమునకు బుద్ధి కలిగింపబోయిన మరియొక ఏర్పాటు మరింత హాని చేసినది. మాట వినబడగానే తానే నడచి, నిశ్శబ్దమున తానే ఆగు సదుపాయము ఈ చిన్న యంత్రములలో చాలవాటికి అమర్చిరి. చెవిన పడినపిదపనే మోటారు కదలును కావున ప్రతి మాటకు మొదటి అక్షరము సగము తెగును. నిశ్శబ్దము అసలే మిగులదు. ఉత్తరము చెప్పు అధికారికి నిశ్శబ్దము వృథా. కథ చెప్పు ముదుసలి ఎక్కడ ఎంతసేపు ఆగినాడనునది కథలో భాగము. అట్లే శబ్దపు హెచ్చుతగ్గులను యంత్రమే సరిచేయు ఏర్పాటు వలన, పాడువాడు ఊపిరి తీసికొనునపుడు దూరపు కుక్క అరుపు, యంత్రములోని మోటారు రొద పైకి లేచును. అనుభవజ్ఞులు ఈ సదుపాయమును ఆపివేసి, విడి మైకును తగిలించి, యంత్రమును బల్లపై కాక మడచిన తువాలుపై ఉంచెడివారు.

బ్యాటరీల సంగతి చెప్పకపోయినచో ఈ చరిత్ర అసమగ్రము. అవి నీరసించినపుడు మోటారు మెల్లగా నడచును. ఆ విధముగా ఎక్కిన టేపును కొత్త బ్యాటరీలతో వినినచో డెబ్బది ఏండ్ల గాయని గొంతు పదేండ్ల పిల్లదగును, శ్రుతి పైకి పోవును. రాగమును స్వరపరచబోవువాడు ఇట్టి టేపును నమ్మినచో పూర్తిగా మోసపోవును. పని ముగియగానే బ్యాటరీలను తీసివైచుట నేర్చుకొననివారి యంత్రములలో కొన్ని ఏండ్లకు రసము కారి రాగి స్పర్శలను తినివేసినది.

చెరిపివేయుట ఈ యంత్రమునకు పుట్టుకతో వచ్చిన గుణము. ఉత్తరము టైపు కాగానే అదే టేపుపై మరియొక ఉత్తరము చెప్పుట ఆఫీసు రివాజు. టేపు ఖరీదును లెక్కించుకొను సేకర్తలును పాటను కాగితముపై దింపుకొని టేపును మరల వాడినారు. వారి నోటుపుస్తకములలో సాహిత్యము మిగిలినది; మట్టు, తాళము పోయినవి. పొరపాటున చెరుపకుండుటకు క్యాసెట్టు వెనుక అంచున చిన్న పలుకు ఒకటి ఉండును, దానిని విరిచినచో ఎక్కించు మీట పడదు. దానిని విరువనివారే ఎక్కువ. టేపు యంత్రపు మీటలు రాజ్యములను కదిలించిన సందర్భము కూడ చరిత్రలో కలదు. 1972 జూన్ 20న వైట్‌హౌస్‌లో జరిగిన సంభాషణ టేపులో 18న్నర నిమిషములు చెరిగిపోయినవి. అధ్యక్షుడు నిక్సన్ కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ తాను ఫోను అందుకొనుచు పొరపాటున మీట నొక్కి కొన్ని నిమిషములు చెరిపియుండవచ్చునని సాక్ష్యమిచ్చినది. అక్కడ వాడినది మైక్రో క్యాసెట్టు కాదు, పెద్ద చుట్టల యంత్రము. అయినను వినబోయి చెరుపుట ఎంత సులభమో లోకము తెలిసికొనినది.

ఈ యంత్రపు సేవ పెద్ద విద్య కాదు. సన్నని పుల్లకు దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపి, హెడ్డును, ఉక్కు ఇరుసును తుడువవలెను; గోధుమరంగు పొడి దూదికంటును. అది టేపునుండి రాలిన ఇనుపభస్మము. రబ్బరు చక్రమును తుడిచి, తడి పూర్తిగా ఆరినపిదపనే టేపును పెట్టవలెను. ఆ చక్రము గట్టిపడి నిగనిగలాడినచో టేపును సరిగా పట్టదు, వంకరగా లాగి లోనికి చుట్టుకొనును. నలిగిన టేపును గుంజక, మెల్లగా విడిపించి, చుట్టను వ్రేలితోనే త్రిప్పి సర్దవలెను. మోటారునుండి చక్రములకు తిరుగుడునందించు రబ్బరు బెల్టు ఇరువది ముప్పది ఏండ్లకు సాగిపోవును, లేదా కరగి తారువలె అంటుకొనును. ఎంతయో జాగ్రత్తగా దాచిన యంత్రము కదలకపోవుటకు చాలసార్లు ఇదియే కారణము. యంత్రమును పారవేయువారికి అందులో చెడినది కొద్ది రూపాయల బెల్టు మాత్రమేనని తెలియదు. పాత రేడియో మెకానిక్కులకు తెలియును.

టేపును దాచుట మరింత ఓపికతో కూడినది. కోస్తా తేమలో బూజు పట్టును, తెలంగాణ, రాయలసీమల ఎండలో మూసిన కారులో మరచిన పెట్టె వంకర తిరుగును. లౌడుస్పీకరు ప్రక్కన ఉంచినచో దాని అయస్కాంతము పనికి అడ్డువచ్చును. పలుచని టేపు ఏండ్ల తరబడి కదలకుండ చుట్టియున్నచో ఒక పొరలోని శబ్దము ప్రక్క పొరపై సన్నగా ముద్రపడును. పాటకు ముందే పాట నీడ వినబడును. అప్పుడప్పుడు చివరివరకు త్రిప్పి మరల చుట్టుట దానికి ఉపశమనము. తాళపత్రములను దించి, దులిపి, ఎండ తగులనిచ్చి, పసరు పూసి, శిథిలమైన వాటికి కొత్త ప్రతి వ్రాయించిన కుటుంబములలోనే టేపులు ముప్పది ఏండ్లు బీరువానుండి కదలకపోవుట విచిత్రము.

1982లో ఎప్సన్ వారి చేతిపెట్టె కంప్యూటరు లెక్కలను దాచుకొనుటకు సైతము మైక్రో క్యాసెట్టునే ఆశ్రయించినది. ఇళ్ళలో లేనివేళ ఫోనునకు బదులు పలుకు యంత్రములును దీనినే వాడినవి. తొంబదులలో అంకెల రూపమున శబ్దమును దాచు యంత్రములు రాగా ఈ వైభవము చల్లారినది. విడిభాగములు కరవైనవి. అయస్కాంత టేపులలోని శబ్దము 2025 ప్రాంతమున వినవీలు లేకుండ పోవచ్చునని యునెస్కో, అంతర్జాతీయ శబ్దభాండారముల సంఘముతో కలిసి, 2019లో హెచ్చరిక చేసినది. ఆ గడువు దాటినది. టేపులు ఇంకను పలుకుచున్నవి, కాని పలికించు యంత్రములు ఏటేట తగ్గుచున్నవి.

టేపును అంకెలలోనికి మార్చువారు మొదట వెదకవలసినది దానిని ఎక్కించిన యంత్రమునే. హెడ్డు ఏ కొద్ది వాలుతో అమరియుండెనో ఆ వాలుతోనే శబ్దము ముద్రపడియుండును. వేరొక యంత్రము దానిని మసకగా చదువును. ఆ యంత్రము దొరకనిచో చేతనున్న దాని హెడ్డు మరను చెవితో వినుచు కొంచెము కొంచెముగా త్రిప్పి, సకారములు స్పష్టమగుచోట నిలుపవలెను. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కదానికి 24 బిట్లు అనునది భాండారములవారు అంగీకరించిన కనీసపు కొలత. ఏడ్పు, దగ్గు, రొద ఏవియు తుడువక మొదటి ప్రతిని ఉన్నదున్నట్లు దాచి, శుభ్రపరచుట రెండవ ప్రతిపై చేయవలెను. నేటి రొద రేపటి పరిశోధకునకు ఏమి చెప్పునో ఎవరెరుగుదురు?

మైక్రో క్యాసెట్టు అంటుచీటిపై రెండు మాటలకంటె ఎక్కువ పట్టవు. కావున తెలివిగల సేకర్తలు పాట మొదలిడుటకు ముందు తేదీని, ఊరిపేరును, పాడువారి పేరును తామే నోట పలికి ఎక్కించెడివారు. చీటీ ఊడిపోయిన టేపులను గుర్తించుటకు నేడు అదియొకటే దారి. అయితే మాట వినబడినపుడు మాత్రమే నడచు మీటను ఆపుట మరచినవారి టేపులలో ఆ దారియు అరకొరయే. మాచర్ల అని సేకర్త పలికిన మాటలో మొదటి అక్షరము తెగి చర్ల మిగులును. మాచర్ల పల్నాటిలోనిది, చర్ల గోదావరి ఒడ్డున, భద్రాచలమునకు ఎగువన ఉన్నది. అట్టి టేపులోని పాట ఏ ఊరిదో తేల్చుటకు వినువాడు చ, జ ల ఉచ్చారణకు తిరిగి రావలసియుండును. దానిని సగము వేగమున ఎక్కించియుండినచో అదియు వినబడదు.